పాలమూరు, నల్లగొండలలో పనిచేస్తూనే సైకోడైనమిక్ థెరపీలో ఉన్నత శిక్షణ పొందడం ఎలా?

పిల్లలమర్రి (క్లినికల్ సైకాలజిస్టు, మహబూబ్‌నగర్)

ఈ వేదికలోని సైకియాట్రిస్టులకు, సైకాలజిస్టులకు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లకు నమస్కారం. మనలో చాలామంది చదువు ముగించుకుని, రిజిస్ట్రేషన్ తీసుకుని, జిల్లాల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లమే. ఆ చదువులో సైకోడైనమిక్ సిద్ధాంతం, అంటే మనకు తెలియకుండానే మనసులో పనిచేసే భావాలు, చిన్ననాటి అనుభవాలు ఇప్పటి బాధను ఎలా నడిపిస్తాయో చూసే సిద్ధాంతం, పరీక్షకు సరిపడేంత ఉంటుంది. ఫ్రాయిడ్ ఏమన్నాడో, మెలనీ క్లైన్ ఏమన్నదో రాయగలం. కానీ ఎదుట కూర్చున్న మనిషి మూడు వారాలు మనసు విప్పి మాట్లాడి, నాలుగో వారం చెప్పాపెట్టకుండా మానేస్తే, ఆ మానెయ్యడం ద్వారా మనకు ఏం చెబుతున్నాడో వినడం పరీక్షలతో రాదు.

నా దగ్గరికి వచ్చేవారిలో కొందరు తలనొప్పి, గుండెదడ, ఒళ్లంతా మంటలు అంటూ ఊరి ఆర్‌ఎంపీ నుంచి హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి దాకా తిరిగి వస్తారు. మందులతో కొంత, సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే చికిత్స) అభ్యాసాలతో కొంత కుదుటపడతారు, ఆరు నెలలకు అదే బాధ మరో రూపంలో తిరిగి వస్తుంది. వీరితో పనిచేయాలంటే ఇంకో టెక్నిక్ నేర్చుకోవడం సరిపోదని, నేను వినే పద్ధతే మారాలని గట్టిగా అనిపిస్తోంది.

1920లో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగన్ తదితరులు మొదలుపెట్టిన క్లినిక్, దాని వెంట వచ్చిన శిక్షణ సంస్థ నుంచి నేటి వరకూ ఈ రంగంలో శిక్షణ మూడు కాళ్ల మీద నిలబడుతోంది: శిక్షణ పొందేవారు తాము స్వయంగా థెరపీ తీసుకోవడం, తాము చూసే కేసులకు సూపర్విజన్ (అనుభవజ్ఞుల మార్గదర్శనం) తీసుకోవడం, సిద్ధాంతం చదవడం. మూడోది ఇంటి దగ్గర కూర్చుని కూడా సాధించవచ్చు. మొదటి రెండూ ఉద్యోగం, కుటుంబం వదలకుండా మన జిల్లాల నుంచి ఎలా సాధ్యం? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

కోయిల్‌సాగర్ (సైకోథెరపిస్టు, స్వస్థలం దేవరకద్ర, ప్రాక్టీసు హైదరాబాద్)

పిల్లలమర్రి గారూ, ముందుగా రెండింటిని వేరు చేసి చూడాలి. సైకోఅనలిస్టు కావడం ఒక మార్గం. మన దేశంలో దానికి నూరేళ్ల చరిత్ర ఉంది. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీని స్థాపించారు, అది నేటికీ అంతర్జాతీయ సంఘానికి అనుబంధంగా శిక్షణ ఇస్తోంది. ఆ మార్గంలో శిక్షణార్థి వారానికి మూడు నుంచి అయిదు సార్లు తన సొంత అనాలిసిస్‌కు, అంటే తాను తీసుకునే లోతైన థెరపీకి, ఏళ్ల తరబడి వెళ్లాలి. జిల్లా ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ ఇది చాలామందికి అసాధ్యం. రెండోది సైకోడైనమిక్ సైకోథెరపీ శిక్షణ. ఇందులో రోగిని వారానికి ఒకటి రెండు సార్లు చూస్తాం, శిక్షణ కూడా ఆ లయలోనే సాగుతుంది. మీరు అడుగుతున్నది ఈ రెండోదే అని అర్థం చేసుకుంటున్నాను.

ఏ కోర్సులోనైనా చేరే ముందు నాలుగు సంగతులు అడగండి. సూపర్విజన్ ప్రతి వారమూ ఉంటుందా, నెలకోసారా? ఒకే రోగిని కనీసం ఏడాది పాటు మీరు చూస్తుండగా ఒకే సూపర్వైజర్ మీ వెంట ఉంటారా? మీ సొంత థెరపీని వారు తప్పనిసరి చేస్తున్నారా? ఎవరికి ఈ పద్ధతి పనికొస్తుందో, ఎవరికి హాని చేస్తుందో తేల్చుకునే అసెస్‌మెంట్‌ను నేర్పుతున్నారా? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు రాని చోట రెండు శని ఆదివారాలు కూర్చుని సర్టిఫికెట్ తీసుకుంటే గోడ మీద ఫ్రేము పెరుగుతుంది, పని మారదు. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు. ఇలాంటి సర్టిఫికెట్లను నమ్మి వచ్చే రోగుల పట్ల మనకు బాధ్యత ఉంది కాబట్టే అంటున్నాను.

సూపర్విజన్ అంటే కేసు హిస్టరీ చదివి డయాగ్నసిస్ చెప్పడం కాదు. సెషన్ ముగిశాక, జ్ఞాపకం నుంచి, రోగి ఏమన్నాడు, మీరు ఏమన్నారు, ఆ తర్వాత ఏం జరిగింది, ఎక్కడ మీకు నిద్ర ముంచుకొచ్చింది, ఎక్కడ కోపం వచ్చింది అన్నవన్నీ వరుసగా రాసుకుని తీసుకెళ్లాలి. సెషన్ నడుస్తుండగా నోట్సు రాసుకోవద్దని ఫ్రాయిడ్ 1912లోనే హెచ్చరించాడు. ముఖ్యమైనదేదో ముందే ఎంచుకుని రాసుకునే చెవి, అనుకోనిదాన్ని వినలేదు. రోగి మాటలను మన పాలమూరు యాసలో ఎలా వస్తే అలాగే రాయండి, శుద్ధి చేయకండి.

ఛాయాసోమేశ్వరం (సైకియాట్రిస్టు, నల్లగొండ)

చర్చ ఉపయోగకరంగా ఉంది. అయినా ప్రభుత్వ ఆసుపత్రి వైపు నుంచి ఒక సందేహం ముందుకు తేవాలి. ఉదయం ఓపీ మొదలయ్యేసరికి వరండా నిండిపోతుంది. ఒక్కో రోగికి దక్కేది కొన్ని నిమిషాలు. యాభై నిమిషాల సెషన్, వారం వారం అదే గంట, అదే గది అన్న చట్రం ఇక్కడ ఎలా నిలబడుతుంది? 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం వచ్చినప్పటి నుంచి మన బాధ్యత వీలైనంత ఎక్కువమందికి చికిత్స అందించడం.

రెండో సందేహం ఇంకా ముఖ్యమైనది. మన ప్రాంతంలో కల్తీ కల్లు సమస్య తెలిసిందే. అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటైనవారు అది దొరకని రోజున చేతులు వణుకుతూ, మతి తప్పి మాట్లాడుతూ, ఫిట్స్‌తో వస్తారు. 2015లో దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు ఇలాంటి కేసులు ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులకు, ఎర్రగడ్డకు గుంపులుగా వచ్చాయి. ఆ స్థితిలో ఉన్నవారి మాటల్లో అంతరార్థం వెతకడం ప్రమాదకరం. సైకోడైనమిక్ శిక్షణ పొందినవారు ఈ తేడాను మరిచిపోతారేమోనన్నది నా భయం.

కోయిల్‌సాగర్

మీ రెండో సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో ప్రాణం సంగతి ఉంది. విత్‌డ్రాయల్‌లో ఉన్న మనిషికి ముందు వైద్యం, పర్యవేక్షణ, క్రమంగా తగ్గించే మందులు. వ్యాఖ్యానం అక్కడ ఉండకూడదు. మంచి సైకోడైనమిక్ శిక్షణ ఈ వివేకాన్ని తగ్గించదు, పదును పెడుతుంది. సైకోఅనలిస్టు ఓటో కెర్న్‌బెర్గ్ చెప్పిన వ్యక్తిత్వ నిర్మాణ స్థాయిలను నేర్చుకున్నవారు మొదటి కొన్ని సెషన్లలోనే వాస్తవ స్పృహ నిలిచి ఉందా, తాను వేరు ఎదుటివారు వేరు అన్న గుర్తింపు గట్టిగా ఉందా, మనసు తనను కాపాడుకునే పద్ధతులు ఎలాంటివి అని పరిశీలించి, ఎంత లోతుకు వెళ్లవచ్చో నిర్ణయిస్తారు. కల్లు మానిన ఏడాదికి, శరీరం నిలదొక్కుకున్నాక, ఆ సాయంత్రపు కల్లు దేన్ని నిద్రపుచ్చిందో మాట్లాడే సమయం రావచ్చు.

ఓపీలో సమయం లేదన్న మొదటి సందేహానికి జవాబు బాలింట్ గ్రూపు. 1950ల మొదట్లో లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో మైఖేల్ బాలింట్ మామూలు జనరల్ ప్రాక్టీషనర్లను గుండ్రంగా కూర్చోబెట్టి, ఏ రోగి మీ మనసును వదలడం లేదో చెప్పండి అని అడిగేవారు. వారి దగ్గరా యాభై నిమిషాలు లేవు. రోగికి డాక్టరు రాసే మందులతో పాటు డాక్టరు కూడా ఒక మందులా పనిచేస్తాడని, ఆ మందుకూ మోతాదు, దుష్ఫలితాలు ఉంటాయని ఆయన ఆలోచన. నెలకు రెండుసార్లు, గంటన్నర, ఎనిమిది నుంచి పది మంది, ఒకరు కేసు చెబుతారు, కాగితం చూడకుండా. మిగతావారు సలహాలు ఇవ్వరు. ఆ డాక్టరుకు, ఆ రోగికి మధ్య ఏం జరుగుతోందో ఊహిస్తారు. నాలుగు నిమిషాల ఓపీ కూడా దీనితో మారుతుంది.

రాచకొండ (క్లినికల్ సైకాలజిస్టు, యాదాద్రి భువనగిరి)

నేను సీబీటీలో శిక్షణ పొందినవాణ్ని, అదే చేస్తాను. ఇంత సమయం, ఇంత ఖర్చు పెట్టే ముందు ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి ఆధారాలు ఎంత గట్టివో అడగడం నా హక్కు అనుకుంటాను.

పిల్లలమర్రి

తప్పకుండా అడగాలి రాచకొండ గారూ. 2013లో నెదర్లాండ్స్‌లో డిప్రెషన్‌తో ఉన్న 341 మందికి 16 సెషన్ల సీబీటీ లేదా సైకోడైనమిక్ థెరపీ ఇచ్చి పోల్చారు. ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. అంతకన్నా మనం ఆగి చూడవలసింది ఏమిటంటే, చికిత్స ముగిసేసరికి పూర్తిగా తేరుకున్నవారు రెండు పద్ధతులూ కలిపి 22.7 శాతమే. అంటే స్వల్పకాలిక చికిత్స ఏదైనా చాలామందికి చాలదు. 2015లో టావిస్టాక్ నుంచి వచ్చిన అధ్యయనం, మందులకూ ఇతర చికిత్సలకూ లొంగని దీర్ఘకాల డిప్రెషన్ ఉన్న 129 మందిని తీసుకుంది. పద్దెనిమిది నెలల థెరపీ ముగిసినప్పుడు రెండు గుంపుల మధ్య తేడా పెద్దగా లేదు. చికిత్స ఆగిన రెండేళ్ల తర్వాత చూస్తే పాక్షికంగా కోలుకున్నవారు థెరపీ పొందిన గుంపులో 30 శాతం, మామూలు చికిత్స గుంపులో 4.4 శాతం. పూర్తిగా కోలుకున్నవారు తక్కువే. దాన్ని దాచవలసిన అవసరం లేదు. అయినా చికిత్స ఆగాక కూడా తేడా పెరిగిందన్న విషయం నన్ను ఆలోచింపజేస్తోంది.

దిండివాగు (సైకియాట్రిక్ సోషల్ వర్కర్, దేవరకొండ)

ఇప్పటిదాకా చర్చ అంతా శిక్షణ ఎక్కడ దొరుకుతుంది అన్నదాని చుట్టూ తిరిగింది. మన ప్రాంతంలో ఏం వినడానికి ఆ శిక్షణ కావాలో చెప్పాలనుకుంటున్నాను.

పాలమూరు వలస మనందరికీ తెలుసు. వానలు ముగిశాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె వైపు మట్టిపనులకు, కట్టడం పనులకు వెళ్లడం, పిల్లలను అవ్వ తాతల దగ్గర వదిలిపెట్టడం తరాలుగా సాగింది. దేవరకొండ చుట్టుపక్కల తండాలదీ ఇదే కథ. అలా వదిలిన పిల్లలు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లవారై మన ముందు కూర్చుంటున్నారు. వారి ఫైల్లో ఆర్థిక ఇబ్బందులు, భార్యాభర్తల గొడవలు, నిద్రలేమి అని రాస్తాం. తల్లి ఏ నెలలో వెళ్లేది, బస్సెక్కేటప్పుడు చెప్పి వెళ్లేదా, నిద్రపోతుండగా వెళ్లేదా అని ఎవరూ అడగరు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరిదీ కాదు, అనేకమంది నుంచి తీసుకుని, గుర్తించలేనట్లు మార్చి కూర్చినది. ఒక స్త్రీ క్రమం తప్పకుండా వస్తుంది. థెరపిస్టు దసరాకు రెండు వారాలు సెలవు అని ముందుగా చెబుతుంది. సరే మేడమ్ అని నవ్వుతుంది. సెలవుకు ముందు వచ్చే రెండు సెషన్లకూ రాదు. పంట కోతలని, అత్తకు బాగాలేదని కబురు పంపుతుంది. సెలవు ముగిశాక వచ్చి, నాకు ఇప్పుడు బాగానే ఉంది, ఇక రానవసరం లేదు అంటుంది. మామూలుగా మనం దీన్ని డ్రాప్ అవుట్ అని రాసి ఫైలు మూసేస్తాం. సైకోథెరపిస్టు డేవిడ్ మలాన్ చెప్పిన త్రికోణంలో, అంటే గతంలోని మనిషి, ఇప్పటి మనిషి, థెరపిస్టు మూడు మూలలుగా ఉండే బొమ్మలో, పెట్టి చూస్తే, వదిలి వెళ్లే తల్లి, పట్నం నుంచి నెలకోసారి వచ్చే భర్త, సెలవు మీద వెళ్లే థెరపిస్టు ఒకే స్థానంలోకి వస్తారు. వదిలిపోయేవారు వెళ్లేలోపు తానే ముందు వెళ్లిపోవడం ఆమె చిన్ననాడు కనిపెట్టిన రక్షణ. ఆ సంగతిని ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి, అసలు చెప్పాలా, లేక నేను సెలవు మీద వెళ్లడం మీకు కష్టంగా ఉండి ఉంటుంది అన్న ఒక్క మాట చాలా అన్నది ఏ మాన్యువల్లోనూ దొరకదు. దాన్ని సూపర్విజన్‌లోనే నేర్చుకోవాలి.

ఇంకొకటి. మన దగ్గర రోగులు మనను అక్కా, సారూ, బిడ్డా అని పిలుస్తారు. సీతాఫలాల కాలంలో సంచీ నిండా తెచ్చి టేబుల్ మీద పెడతారు. పాశ్చాత్య శిక్షణలో దీన్ని హద్దు దాటడంగా చూసే ధోరణి ఉంది. సైకియాట్రిస్టు, పంజాబీ కవి జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే, గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు ఒక నమూనాగా తీసుకోవచ్చునని, మన సమాజంలో ఆధారపడటాన్ని జబ్బుగా చూడనక్కరలేదని వాదించారు. నేను ఆయనతో చాలావరకు ఏకీభవిస్తాను. సీతాఫలాలు తీసుకుంటాను. అవి ఏ వారం వచ్చాయో, అంతకు ముందు వారం మేము ఏం మాట్లాడుకున్నామో మాత్రం గుర్తుంచుకుంటాను. తన కోపాన్ని చెప్పుకున్న మరుసటి వారమే కానుక తెచ్చే రోగి, ఆ కోపం నన్ను గాయపరిచిందేమోనని భయపడుతుండవచ్చు. మనకు పాఠం చెప్పేవారు ఈ నేల తెలియనివారైతే ఈ చర్చ హద్దుల నియమం దగ్గరే ఆగిపోతుంది. సూపర్వైజర్‌ను ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూడాలని నా విన్నపం.

నల్లమల దారి (క్లినికల్ సైకాలజిస్టు, నాగర్‌కర్నూల్)

దిండివాగు గారి పోస్టు చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. నేను ఈ రంగంలో కొత్త. నా సమస్య సొంత థెరపీ. మా ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న థెరపిస్టులు ఒక చేతివేళ్ల మీద లెక్కించదగినవారు, వారే నా సీనియర్లు, వారే నాకు రోగులను రిఫర్ చేస్తారు. వారి ముందు కూర్చుని నా ఇంటి సంగతులు ఎలా మాట్లాడతాను? హైదరాబాద్ వెళ్లి రావాలంటే ఒక రోజు జీతం, బస్సు చార్జీలు, థెరపీ ఫీజు. అసలు సొంత థెరపీ నిజంగా అంత అవసరమా?

కోయిల్‌సాగర్

అవసరమే. సైకోఅనలిస్టు పౌలా హైమన్ 1950లో చూపించినట్లు, రోగి ఎదుట మనలో లేచే భావాలు అడ్డంకి మాత్రమే కావు, రోగి అంతరంగం గురించి సమాచారం కూడా. కానీ లేచిన భావంలో ఎంత మనది, ఎంత రోగిది అని విడదీయాలంటే మన సొంత సరుకు మనకు కొంతైనా తెలిసి ఉండాలి. వదిలివెళ్లిన తల్లి గురించి రోగి చెబుతుంటే, మనకూ అలాంటి గాయమే ఉండి దాని జోలికి ఎన్నడూ వెళ్లకపోతే, తెలియకుండానే మాట మారుస్తాం. అనలిస్టులు కూడా అయిదేళ్లకొకసారి మళ్లీ అనాలిసిస్‌కు వెళ్లడానికి సిగ్గుపడకూడదని ఫ్రాయిడ్ 1937లో రాశాడు.

మీ ఇబ్బందికి మార్గం దూరంలోనే ఉంది. మీకు రోగులను పంపేవారు, మీ పని మీద మార్కులు వేసేవారు మీ థెరపిస్టు కాకూడదు. ఈ ఒక్క నియమం సడలించవద్దు. వేరే జిల్లాలోనో, వేరే రాష్ట్రంలోనో ఉన్న తెలుగు తెలిసిన థెరపిస్టుతో వీడియో ద్వారా వారానికి ఒకసారి మొదలుపెట్టండి. గదిలో ఎదురెదురుగా కూర్చున్నంత ఉండదు, ముఖ్యంగా మౌనాలు వీడియోలో వేరుగా వినిపిస్తాయి. అయినా ఇది ప్రయాణ ఖర్చు లేని మార్గం. శిక్షణలో ఉన్నవారికి ఫీజు తగ్గించే థెరపిస్టులు ఉంటారు, నోరు తెరిచి అడగండి. వీలైతే రెండు మూడు నెలలకొకసారి స్వయంగా వెళ్లి కలవండి.

మన్యంకొండ (చైల్డ్ సైకాలజిస్టు, మహబూబ్‌నగర్)

ఖర్చులేని శిక్షణ ఒకటి ఎవరూ ప్రస్తావించలేదు. 1948లో టావిస్టాక్‌లో ఎస్తర్ బిక్ శిశు పరిశీలనను శిక్షణలో భాగం చేశారు. ఒక శిశువును ఆ ఇంట్లోనే, పుట్టినప్పటి నుంచి రెండేళ్లపాటు, వారానికి గంటసేపు చూడాలి. సలహా ఇవ్వకూడదు, నోట్సు అక్కడ రాయకూడదు, ఇంటికొచ్చి రాయాలి, నెలకొకసారైనా గ్రూపులో చదవాలి. సాయం చేయాలన్న తొందర మనలో ఎంత బలంగా ఉంటుందో, ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో దీనితో తెలుస్తుంది. మన ఇళ్లలో శిశువు తల్లి చేతి నుంచి అవ్వ ఒడికి, అక్కడి నుంచి మేనత్త చంకకు, పక్కింటివారి దగ్గరికి పోతుంటుంది. ఇన్ని చేతుల మధ్య పెరిగే మనసును శ్రద్ధగా రాసి పెడితే, లండన్ ఇళ్ల పరిశీలనలో కనిపించనివి మనకు కనిపించవచ్చు. కుటుంబం పూర్తి అంగీకారంతో, మనకు వృత్తి సంబంధం లేని ఇంట్లోనే చేయాలి.

రాచకొండ

అధ్యయనాల వివరాలకు కృతజ్ఞతలు. నేను సీబీటీ వదలను. అయినా బాలింట్ గ్రూపు ఏర్పడితే చేరతాను. నన్ను వదలని రోగి ఒకరున్నారు.

పిల్లలమర్రి

అందరికీ ధన్యవాదాలు. మీ మాటల ఆధారంగా ఒక ప్రతిపాదన. నెలలో మొదటి, మూడో ఆదివారాల్లో గంటన్నర గ్రూపు పెడదాం. ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి ముఖాముఖి. మహబూబ్‌నగర్ వారు జడ్చర్ల మీదుగా, నల్లగొండ వారు దేవరకొండ మీదుగా రావడానికి కల్వకుర్తి మధ్యస్థంగా ఉంటుంది. ఆన్‌లైన్ సమావేశంలో ఒకరి సెషన్ నోట్సు పూర్తిగా చదవడం, ముఖాముఖి సమావేశంలో బాలింట్ పద్ధతి. మన మధ్య మనమే మాట్లాడుకుంటూ ఉంటే మనకు కనిపించని మన లోపాలు అలాగే ఉండిపోతాయి కాబట్టి, బయటి సూపర్వైజర్ ఒకరికి అందరం కలిసి ఫీజు పంచుకుందాం. ఇది కోయిల్‌సాగర్ గారు చెప్పిన వారం వారం సూపర్విజన్‌కు బదులు కాదు. దాన్ని ఎవరికి వారు, ఒక్క దీర్ఘకాలిక కేసుతోనైనా, విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

ఛాయాసోమేశ్వరం

నేను వస్తాను, మా పీజీలలో ఆసక్తి ఉన్న ఇద్దరిని తీసుకొస్తాను. గ్రూపు మొదలయ్యే ముందే గోప్యత సంగతి తేల్చుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. పట్నంలో పేరు మారిస్తే చాలు. మన దగ్గర ఊరు, కులం, వృత్తి, పిల్లల సంఖ్య చెబితే ఎవరో ఒకరు గుర్తుపడతారు. అందువల్ల పేరు, ఊరు, వృత్తి మూడూ మార్చాలి, నోట్సు వాట్సాప్‌లో పంపకూడదు, కాగితం చదివినవారే తిరిగి తీసుకెళ్లాలి, ఆన్‌లైన్ సమావేశాన్ని రికార్డు చేయకూడదు. వింటున్నవారిలో ఎవరికైనా రోగి తెలిసినవారేమో అన్న అనుమానం వస్తే, కారణం చెప్పకుండా వెంటనే లేచి బయటికి వెళ్లే వీలుండాలి. తమ కేసును శిక్షణ కోసం చర్చిస్తామని రోగికి మొదటి సెషన్లలోనే చెప్పి రాతపూర్వక అంగీకారం తీసుకుందాం. వద్దన్నవారి కేసు గ్రూపులోకి రాదు. ఆ అంగీకార పత్రం తెలుగు ముసాయిదా నేను రాసి ఈ వారంలో ఇక్కడ పెడతాను. దిండివాగు గారూ, చదువురాని వారికి దాన్ని ఎలా వినిపించాలో మీరు చూసి సరిదిద్దాలి.

దిండివాగు

తప్పకుండా డాక్టరు గారూ. లంబాడీ మాట్లాడే కుటుంబాల కోసం దాన్ని మా తండా ఆశా కార్యకర్తలకు వినిపించి, వారికి ఎక్కడ అర్థం కాలేదో గుర్తుపెట్టి పంపుతాను. మొదటి ముఖాముఖి సమావేశంలో కేసు నేను చెబుతాను.